నీట్ మళ్లీ రాయిద్దామా? ముందు ఈ మూడు కాగితాలు చూడండి

ప్రతి ఏటా జూన్‌లో నీట్ ఫలితాలు వచ్చిన వారం నాకు ఫోన్లు వస్తుంటాయి. షార్జా, దోహా, కువైట్, మస్కట్ నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు చేస్తారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, మీ అమ్మాయిని లాంగ్ టర్మ్‌లో వేశారు కదా, మేమూ వేద్దామా?"

రెండేళ్లుగా ఫోన్‌లో చెబుతున్నదంతా ఒకచోట రాసి పెడితే నలుగురికీ పనికొస్తుందని ఈ వ్యాసం. మాది నిజామాబాద్ జిల్లా, ఉండేది షార్జాలో. మా అమ్మాయి ఇక్కడే సీబీఎస్ఈలో పన్నెండో తరగతి చదివింది. 2024లో ఒకసారి, 2025లో మరోసారి నీట్ రాసింది. ఈ రెండేళ్లలో మేము చేసిన మంచి పనులూ, చేసిన పొరపాట్లూ రెండూ చెబుతాను.

ముందుగా ఒక మాట. రెండో ఏడాది మార్కులను మార్చగలదు. పిల్ల ఎక్కడ చదివిందన్న లెక్కను మార్చలేదు. ఈ తేడా తెలియకనే మనవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. అందుకే కోచింగ్ సెంటర్‌కు ఫోన్ చేసే ముందు మూడు కాగితాలు బల్ల మీద పెట్టుకోండి: పిల్ల రాసిన ఓఎంఆర్ షీటు, పిల్ల చదివిన స్కూళ్ల స్టడీ సర్టిఫికెట్లు, మీ కుటుంబం పాస్‌పోర్టులు.

మళ్లీ రాయడానికి నిబంధనలు ఏం చెబుతున్నాయి

నీట్ యూజీ ఎన్నిసార్లయినా రాయొచ్చు. గరిష్ఠ వయోపరిమితిని 2022లో తీసేశారు. ప్రవేశం పొందే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండితే చాలు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం మార్కులు ఉండాలి.

ప్రశ్నపత్రం 720 మార్కులకు. 2025 నుంచి 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఐచ్ఛిక ప్రశ్నలు పోయాయి. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. గల్ఫ్‌లో 2021లో మొదట కువైట్, దుబాయ్‌లలో కేంద్రాలు పెట్టారు. ఆ తర్వాత అబుదాబి, షార్జా, దోహా, మనామా, మస్కట్, రియాద్ కూడా చేరాయి. ప్రశ్నపత్రం అక్కడా ఇక్కడా ఒకే సమయానికి మొదలవుతుంది. ఇండియాలో మధ్యాహ్నం రెండు గంటలంటే యూఏఈలో పన్నెండున్నర. విదేశీ కేంద్రం పెట్టుకుంటే ఫీజు ఎక్కువ. 2025లో ఇండియాలో జనరల్ అభ్యర్థికి 1,700 రూపాయలు ఉంటే, బయటి కేంద్రానికి 9,500 రూపాయలు తీసుకున్నారు.

రెండోసారి రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆలిండియా కౌన్సెలింగ్‌లో ఆఖరిదైన స్ట్రే రౌండ్‌లో సీటు కేటాయించాక చేరకపోతే డిపాజిట్ పోతుంది, మరుసటి ఏడాది నీట్ రాసే అర్హత కూడా పోతుంది. "ఊరికే ఆప్షన్లు పెట్టి చూద్దాం, రాకపోతే లాంగ్ టర్మ్" అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకుని ఆప్షన్లు పెట్టండి.

మొదటి కాగితం: ఓఎంఆర్ షీటు

ఫలితాలు వచ్చినరోజు మా ఇంట్లో జరిగింది అందరి ఇళ్లలో జరిగేదే. మా ఆవిడ ఏడ్చింది, అమ్మాయి తలుపు వేసుకుంది, ఊళ్లోంచి మా బావ ఫోన్ చేసి "ఎన్నొచ్చాయి బావా" అని అడిగాడు. వారం గడిచాక గానీ మేము అసలు చూడాల్సింది చూడలేదు.

ఎన్‌టీఏ ప్రతి అభ్యర్థి ఓఎంఆర్ స్కాన్ కాపీనీ, ఆన్సర్ కీనీ వెబ్‌సైట్‌లో పెడుతుంది. అవి రెండూ దింపుకుని దాచండి. తర్వాత తప్పు పోయిన ప్రశ్నలన్నిటినీ పిల్లతో కూర్చుని మూడు కుప్పలుగా విడదీయండి: అసలు చదవనివి, ఊహించి పెట్టినవి, తెలిసీ తప్పినవి.

మా అమ్మాయికి 2024లో 132 ఒప్పు, 40 తప్పు, 8 వదిలేసింది. అంటే 528లోంచి 40 పోగా 488 మార్కులు. ఆ 40 తప్పుల్లో పది చదవని పాఠాలవి, పదమూడు ఊహించి పెట్టినవి, పదిహేడు తెలిసీ తప్పినవి. ప్రశ్న సరిగ్గా చదవకపోవడం, "సరికానిది ఏది" అంటే "సరైనది" అనుకోవడం, లెక్కలో గుర్తు మారిపోవడం వంటివి. తెలిసిన ప్రశ్న తప్పితే పోయేది ఒక మార్కు కాదు, ఐదు. పదిహేడు ప్రశ్నలంటే 85 మార్కులు.

రెండో ఏడాది ఎవరికి పనికొస్తుందో ఈ కుప్పలే చెబుతాయి. తెలిసీ తప్పినవి, ఊహించినవి ఎక్కువగా ఉంటే ఏడాది పొడవునా వారం వారం పరీక్షలు రాయడం వల్ల లాభం ఉంటుంది. చదవనివి కొన్ని పాఠాలకే పరిమితమైతే కూడా ఫరవాలేదు, ఏడాదిలో పూర్తిచేయొచ్చు. అలా కాక ఫిజిక్స్ మొత్తం అర్థం కాలేదంటే, లేదా పిల్లకు ఈ చదువే ఇష్టం లేదంటే, ఇంకో ఏడాది అదే గదిలో కూర్చోబెట్టినా మార్పు రావడం కష్టం. ఆ మాట పిల్ల నోటి నుంచి రావాలంటే మనం అడిగే తీరు కూడా మారాలి. "మళ్లీ రాస్తావా" అని అడిగితే భయానికి "రాస్తాను" అంటారు. మేము మా అమ్మాయిని "డాక్టర్ కాకపోతే ఇంకేం చదవాలని ఉంది" అని అడిగాం. రెండురోజులు ఆలోచించి, "ఇంకోసారి ప్రయత్నిస్తాను, మూడోసారి మాత్రం రాయను" అంది. ఆ మాటను కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాం. ఆ తర్వాత మేమెవరం దాన్ని దాటలేదు.

మార్కులు కాదు, ర్యాంకు చూడండి

ఒక ఏడాది మార్కుల్ని మరో ఏడాది మార్కులతో పోల్చకండి. 2024లో సవరించిన ఫలితాల తర్వాత కూడా 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో పేపర్ కఠినంగా వచ్చింది, మొదటి ర్యాంకుకే 686. జనరల్ అర్హత మార్కు 2023లో 137, 2024లో 162, 2025లో 144.

2025లో మా అమ్మాయికి 126 ఒప్పు, 24 తప్పు, 30 వదిలేసింది. మార్కులు 480. అంటే ఏడాది కష్టపడ్డాక ఎనిమిది మార్కులు తగ్గాయి! కానీ 2024లో రెండు లక్షలు దాటిన ర్యాంకు 2025లో లక్ష లోపుకు వచ్చింది. ఊళ్లో బంధువులకు ఇది అర్థమయ్యేలా చెప్పడానికి నాకు నెల పట్టింది. లాంగ్ టర్మ్ మధ్యలో వచ్చే గ్రాండ్ టెస్టుల్లో కూడా మార్కు కన్నా, మొత్తం బ్రాంచీల్లో పిల్ల స్థానం ఎంతో అడగండి.

పోటీ ఎంతో కూడా తెలిసి ఉండాలి. 2025లో 22 లక్షల మందికి పైగా పరీక్ష రాశారు, 12.36 లక్షల మంది అర్హత సాధించారు. ఎంబీబీఎస్ సీట్లు దేశమంతా కలిపి లక్షకు పైగా ఉన్నాయి, వాటిలో ప్రభుత్వ కళాశాలలవి సుమారు సగం. "క్వాలిఫై అయ్యింది" అన్న మాటకు సీటు వస్తుందని అర్థం కాదు.

రెండో కాగితం: స్టడీ సర్టిఫికెట్లు

మేము దెబ్బతిన్నది ఇక్కడే. "అమ్మాయిని హైదరాబాద్‌లో లాంగ్ టర్మ్‌లో వేస్తే లోకల్ కూడా అవుతుంది" అని ఒక కోచింగ్ సెంటర్ కౌంటర్‌లో చెప్పారు. మేమూ నమ్మాం. మాకు ఆధార్ ఉంది, ఇల్లుంది, ఓటుంది, ఇంకేం కావాలి అనుకున్నాం.

స్థానికత లెక్క అలా ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో ఇది 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల కాలం నుంచి ఉన్న పద్ధతి. ఇంటర్ లేదా పన్నెండో తరగతి పరీక్షకు మొదటిసారి హాజరైన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడి విద్యాసంస్థల్లో చదివి ఉండాలి. మామూలుగా అయితే తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు తరగతులు. "మొదటిసారి" అన్న మాట గమనించండి. పన్నెండు అయ్యాక చదివిన లాంగ్ టర్మ్ ఏడాది ఆ లెక్కలోకి రాదు.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 33 ద్వారా వైద్య విద్య ప్రవేశాలకు ఈ నాలుగేళ్ల నిబంధన పెట్టింది. దాని మీద హైకోర్టులో, సుప్రీంకోర్టులో కేసులు నడిచాయి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ప్రభుత్వ ఉద్యోగులు, సైనికులు వంటి వారి పిల్లలకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గల్ఫ్‌లో ప్రైవేటు ఉద్యోగాలు చేసుకునే మనం వాటిలోకి రాము. పైగా తెలంగాణలో 2014 జూన్ 2 తర్వాత వచ్చిన వైద్య కళాశాలల్లో కన్వీనర్ కోటా సీట్లు స్థానికులకే ఇస్తున్నారు. కాబట్టి ఇక్కడ చదివిన పిల్లకు సొంత రాష్ట్రంలో ప్రభుత్వ సీటు దారి చాలా ఇరుకు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ స్థానికతకు చదివిన నాలుగేళ్లే ప్రధానం. స్థానికేతర వాటాకు ఎవరు అర్హులు, ఏ కాగితాలు కావాలి అన్నది ఏటా ప్రవేశాల ప్రకటనలో ఉంటుంది. తెలంగాణకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రకు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆ ప్రకటనలు ఇస్తాయి. కోచింగ్ సెంటర్ మాట కాదు, ఆ ప్రకటన చదవండి.

మరి స్థానికత లేని పిల్లకు మిగిలే దారులేమిటి?

మొదటిది, ఆలిండియా కోటా. ప్రతి రాష్ట్రంలో ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతం, ఎయిమ్స్, జిప్మర్ సీట్లు దీని కింద వస్తాయి. స్థానికతతో పని లేదు, కానీ మంచి ర్యాంకు కావాలి. రెండోది, ప్రైవేటు కళాశాలలు. తెలుగు రాష్ట్రాల్లో సగం సీట్లు ఎ కేటగిరీ, 35 శాతం బి, 15 శాతం ఎన్ఆర్ఐ కోటా అయిన సి. తెలంగాణలో బి కేటగిరీలో కూడా ఎక్కువ భాగం స్థానికులకే. మూడోది, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, ఇతర రాష్ట్రాల ప్రైవేటు కళాశాలల్లో బయటివాళ్లకు తెరిచిన సీట్లు. నాలుగోది, విదేశాల్లో ఎంబీబీఎస్. దానికీ నీట్‌లో అర్హత తప్పనిసరి. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అక్కడి కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లో సాగాలి, తర్వాత ఇండియాలో స్క్రీనింగ్ పరీక్ష దాటాలి.

ఈ నాలుగు దారుల్లో మీకు అందుబాటులో ఉన్నది ఏది, దానికి ఎంత ర్యాంకు కావాలి, ఐదేళ్ల ఫీజు ఎంత అని ముందు లెక్క వేయండి. రెండో ఏడాది లక్ష్యం ఆ లెక్కలోంచి రావాలి. "ఇంకో వంద మార్కులు తెచ్చుకో" అనడం లక్ష్యం కాదు.

ఇంకో మాట చిన్న పిల్లలున్న తల్లిదండ్రులకు. డాక్టర్ చదువు, అదీ సొంత రాష్ట్రంలో ప్రభుత్వ సీటు అనుకుంటే నిర్ణయం పన్నెండు తర్వాత కాదు, ఎనిమిదో తరగతిలోనే జరగాలి. పది అయ్యాక ఇంటర్‌కు పంపినా రెండేళ్లే అవుతాయి. అలాగని పద్నాలుగేళ్ల పిల్లను ఇంటికి దూరంగా పంపమని నేను చెప్పడం లేదు. తెలిసి నిర్ణయించుకోండి అంటున్నాను.

మూడో కాగితం: పాస్‌పోర్టు

అమెరికా, బ్రిటన్‌లో ఉండే కుటుంబాల్లో చాలామంది పిల్లలకు ఓసీఐ కార్డు ఉంటుంది. 2021 మార్చి 4న వచ్చిన కేంద్ర ప్రకటన ప్రకారం ఓసీఐ వాళ్లు ఎన్ఆర్ఐ సీట్లకూ, అదనపు సీట్లకూ మాత్రమే అర్హులు. ఆ తేదీకి ముందే ఓసీఐ కార్డు తీసుకున్నవాళ్లకు పాత హక్కు ఉంటుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కార్డు మీద తేదీ చూసుకోండి. మొదటి కార్డు పాతదై, తర్వాత కొత్తది తీసుకుని ఉంటే పాతదాని కాపీ కూడా దాచండి.

గల్ఫ్ కుటుంబాలకు వీసా సంగతి ఉంది. యూఏఈ సహా ఇక్కడి దేశాల్లో సాధారణంగా ఆరు నెలలు మించి బయట ఉంటే రెసిడెన్సీ పోతుంది. లాంగ్ టర్మ్ పది, పదకొండు నెలలు సాగుతుంది. మధ్యలో ఒకసారి పిల్లను రప్పించాలి. ఆ సెలవు ఏ నెలలో ఇస్తారో చేర్పించే ముందే అడిగి రాయించుకోండి. పద్దెనిమిది దాటిన మగపిల్లల స్పాన్సర్‌షిప్ నిబంధనలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. మీ ఇమిగ్రేషన్ ఆఫీసులో కనుక్కున్నాకే టికెట్ కొనండి.

హాస్టల్ గదిలో మా అమ్మాయి

లాంగ్ టర్మ్ హాస్టల్ అంటే తెల్లవారుజామున స్టడీ అవర్, పగలంతా క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారం చివర పరీక్ష. ఫోన్ ఉండదు. ఇక్కడ సొంత గదిలో, ఏసీలో పెరిగిన పిల్ల అక్కడ ఆరుగురితో ఒక గదిలో ఉండాలి. తనకు తెలుగు మాట్లాడటం వచ్చు కానీ పాఠం మధ్యలో సార్ వేసే తెలుగు జోకులు అర్థమయ్యేవి కావు. "దుబాయ్ పిల్ల" అని పేరు పెట్టారు.

మాకు ఆదివారం ఒక్కరోజే, పది నిమిషాలు మాట్లాడే వీలుండేది. పక్కన వార్డెన్ ఉంటారు కాబట్టి ఏం అడిగినా "బాగానే ఉన్నా డాడీ" అనేది. దసరాకు మా అక్క చూడటానికి వెళ్లి, "తమ్ముడూ, పిల్ల సగమైపోయింది, వెంటనే రా" అని ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి అమ్మాయి ఆరు కిలోలు తగ్గి ఉంది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదంది. "చెబితే డబ్బులన్నీ వృథా అయ్యాయని బాధపడతారని చెప్పలేదు" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలదు.

ఆ రోజే హాస్టల్ మాన్పించి కూకట్‌పల్లిలో మా అక్క ఇంట్లో పెట్టాం. డే స్కాలర్‌గా క్లాసులకు వెళ్లొచ్చేది. హాస్టల్ డబ్బు తిరిగి రాలేదు, చేరేటప్పుడు సంతకం చేసిన కాగితంలో అలాగే రాసి ఉంది. చదివే గంటలు తగ్గాయి. నిద్ర వచ్చింది, మార్కులూ పెరిగాయి.

అందుకే చేర్పించే ముందు ఈ నాలుగూ అడగండి: మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, డే స్కాలర్‌గా మార్చుకోవచ్చా, వారంలో ఎన్నిసార్లు ఒంటరిగా మాట్లాడనిస్తారు, ఒంట్లో బాగోకపోతే మొదట ఎవరికి ఫోన్ చేస్తారు. దగ్గర్లో మనవాళ్లు ఒకరు ఉండి, పదిహేను రోజులకోసారైనా పిల్లను కళ్లారా చూడగలగాలి. అలాంటి మనిషి లేకపోతే ఇక్కడే మీ ఇంట్లో ఉంచి ఆన్‌లైన్‌లో చదివించడం నయం. పిల్ల మాటల్లో నిరాశ కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఇండియాలో ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416. ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చేర్పించినరోజే ఆ నంబర్ పిల్లకు ఇవ్వండి.

ఇంజనీరింగ్ పిల్లలకు

జేఈఈ మెయిన్ పన్నెండు పాసైన ఏడాదీ, ఆ తర్వాత రెండేళ్లూ రాయొచ్చు. ఏటా జనవరి, ఏప్రిల్ రెండు విడతల్లో మెరుగైన స్కోరే లెక్క. అడ్వాన్స్‌డ్ మాత్రం వరసగా రెండేళ్లలో రెండుసార్లే. ఎన్ఐటీలకు పన్నెండులో 75 శాతం, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్ ఉండాలి. ఆ మార్కులు లేకుండా ర్యాంకు ఒక్కటే పెంచుకుంటే లాభం లేదు.

గల్ఫ్‌లో పనిచేసేవారి పిల్లలకు డాసా పథకంలో సీఐడబ్ల్యూజీ అని విడిగా సీట్లున్నాయి. జేఈఈ మెయిన్ ర్యాంకు మీదే ఇస్తారు, ఫీజు మిగతా డాసా సీట్ల కన్నా చాలా తక్కువ. మొదటిసారి వచ్చిన ర్యాంకుకు ఇందులో సీటు వస్తుందేమో చూడకుండా లాంగ్ టర్మ్‌కు పరుగెత్తకండి.

చివరికి ఏమైంది

మా అమ్మాయికి పొరుగు రాష్ట్రంలో ఒక ప్రైవేటు కళాశాలలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. ఊళ్లో ఇల్లు కట్టుకుందామని దాచిన డబ్బు ఫీజులకు పోతోంది. 2024 ర్యాంకుతో ఆ సీటు కూడా వచ్చేది కాదు, కాబట్టి ఆ ఏడాది వృథా అని అనను. కానీ సొంత రాష్ట్రంలో ప్రభుత్వ సీటు వస్తుందన్న ఆశతో ఆ ఏడాది మొదలుపెట్టాం. ఆ ఆశకు ఆధారమే లేదని ముందే తెలిసి ఉంటే పిల్ల మీద అంత బరువు పెట్టేవాళ్లం కాదు.

ఫ్రిజ్ మీద "మూడోసారి మాత్రం రాయను" అన్న కాగితం ఇంకా అలాగే ఉంది. ఈసారి ఫోన్ చేసేవాళ్లు మూడు కాగితాలు ముందు పెట్టుకుని చేయండి. మాట్లాడుకుందాం.